బ్లాంక్‌లో ఏముందో ముందు చూడు

చిన్నీ,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు వినగానే ఏదో అయిందని తెలిసిపోయింది. "అమ్మా, బ్లాంక్‌లో సీసం వస్తోంది. శాంపిల్‌లో వచ్చేదానిలో సగం దాకా వస్తోంది. సీనియర్ ఏమో శాంపిల్ విలువలోంచి బ్లాంక్ విలువ తీసేసి రిజల్ట్ రాసుకో, అందరూ చేసేది అదే అంటున్నాడు. తీసేస్తే సరిపోతుందా?" అని అడిగావు. నేను అవునని గానీ కాదని గానీ చెప్పలేదు. పొద్దున్న మాట్లాడదాం, ముందు పడుకో అన్నాను. పొద్దున్నే లేచి ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్లీ పక్కన పెట్టి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నువ్వు అడిగింది ఒక్క ప్రశ్నే. కానీ ముప్పై ఏళ్ల పైన నేను చేసిన పనంతా దాని చుట్టూనే తిరిగింది. ఫోన్‌లో చెబితే సగం నీ టెన్షన్‌లో కొట్టుకుపోతుంది. ఉత్తరమైతే రెండుసార్లు చదువుకుంటావు.

ముందు నీ ప్రశ్న సంగతి చూద్దాం. బ్లాంక్ అంటే శాంపిల్ తప్ప మిగతావన్నీ ఉన్న ట్యూబు. అదే నీళ్లు, అదే యాసిడ్, అదే ప్లాస్టిక్, అదే చెయ్యి, అదే గది గాలి. ఇదంతా నీకు తెలిసిందే. అయితే బ్లాంక్ సగటు ఎంత అన్నదాని కంటే, అది ఎంత నిలకడగా ఉంది అన్నది ముఖ్యం. నాలుగు బ్లాంకులు చేస్తే 0.50, 0.52, 0.49, 0.51 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో ఒక భాగం) వచ్చాయనుకో. అర్ధ పీపీబీ తీసేసుకోవచ్చు, తప్పు లేదు. సీసం ఒకే చోటి నుంచి ఒకే మోతాదులో వస్తోందన్నమాట. యాసిడ్ నుంచే అయ్యుండొచ్చు. అదే 0.1, 0.9, 0.2, 0.8 వచ్చాయనుకో. సగటు మళ్లీ అర్ధ పీపీబీయే. కానీ నీ ఏడో నంబరు శాంపిల్‌లో పడింది 0.1 అయ్యుండొచ్చు, 0.9 అయ్యుండొచ్చు. ఎలా చెప్తావు? సగటును తీసేయగలవు గానీ ఆ ఊగిసలాటను తీసేయలేవు. అది వచ్చి నీ రిజల్ట్‌లోనే కూర్చుంటుంది.

డిటెక్షన్ లిమిట్ (నమ్మకంగా కనిపెట్టగల అతి తక్కువ మోతాదు) కట్టేటప్పుడు బ్లాంకుల స్టాండర్డ్ డీవియేషన్‌ను, అంటే ఆ ఊగిసలాట కొలతను, మూడుతో హెచ్చవేసేది అందుకే. మొదటి నాలుగు రీడింగులతో లెక్క వేస్తే 0.04 పీపీబీ దాకా నీకు చూపు ఉంటుంది. రెండో నాలుగింటితో వేస్తే 1.2 పీపీబీ కంటే కింద ఏమున్నా నీకు కనపడనట్టే. నీ శాంపిళ్లు ఒక పీపీబీ దగ్గర ఉన్నాయన్నావు కదా. అందుకే నిన్న రాత్రి నాకు నోట మాట రాలేదు.

నీ దగ్గర ఉన్న రీడింగులు ఈ రెండిట్లో ఏ రకమో నువ్వు చెప్పలేదు. నేను అడగనూ లేదు. దాని సంగతి చివర్లో చెప్తాను. ఈలోగా వేరే కొన్ని సంగతులు చెప్పాలనిపిస్తోంది. నువ్వు చిన్నప్పుడు ల్యాబ్‌కు వచ్చి స్టూల్ మీద కూర్చుని మంట చూసేదానివి, కానీ ఆ మంటలో అమ్మ ఏం వెతుకుతోందో నీకు ఎప్పుడూ కుదురుగా కూర్చోబెట్టి చెప్పలేదు.

నేను పీహెచ్‌డీలో చేరింది 1989లో. మొదటి రోజు నా చేతికిచ్చింది ఒక ఫ్లేమ్ ఫొటోమీటర్. సోడియం, పొటాషియం కొలిచేది. సన్నని గొట్టం ద్రావణంలో ముంచితే నెబ్యులైజర్ దాన్ని పీల్చి పొగమంచులా చేసి మంటలోకి పంపుతుంది. నీలంగా ఉన్న మంట ఒక్కసారి పసుపు పచ్చగా మారిపోతుంది. ఆ గొట్టాన్ని స్వచ్ఛమైన నీళ్లలో ముంచితే మళ్లీ నీలం. నేను వేలితో గొట్టం చివర తాకి మళ్లీ నీళ్లలో పెట్టాను. మంట పసుపు పచ్చగా వెలిగింది. నా వేలి మీది చెమటలో ఉన్న సోడియం అది. 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర పక్కపక్కనే ఉండే రెండు గీతలు. ఆ రోజు సాయంత్రం దాకా ఎన్నిసార్లు వేలు పెట్టి చూశానో.

జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1860లో రాసిన ఒక చిన్న ప్రయోగం ఉంది. కాంతి గీతలను బట్టి మూలకాలను పట్టే ఈ శాస్త్రం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. గదిలో ఒక పక్క మంట, దాని ఎదురుగా కాంతిని రంగుల గీతలుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోప్. గదికి అవతలి మూల మూడు మిల్లీగ్రాముల సోడియం క్లోరేట్‌ను పాల చక్కెరతో కలిపి కాల్చారు. కొన్ని నిమిషాలకు ఇటువైపు మంటలో పసుపు గీత వెలిగింది. పది నిమిషాల దాకా పోలేదు. గది ఎంత పెద్దదో, మంటలోకి ఎంత గాలి వెళ్తుందో లెక్కగట్టి, మిల్లీగ్రాములో 30 లక్షల వంతు కంటే తక్కువ సోడియాన్ని కన్ను పట్టుకుందని తేల్చారు. అంతకుముందు చాలామంది ప్రతి మంటలోనూ ఆ పసుపు గీత చూసి తికమకపడ్డారు. ఏది కాల్చినా అదే గీత వస్తుంటే అది ఒక్క మూలకానిది ఎలా అవుతుంది అని. గీతలో తప్పేమీ లేదు, సోడియమే అంతటా ఉంది. చూశావా, ఈ శాస్త్రం పుట్టిన ఏడాదే బ్లాంక్ గొడవ కూడా దానితో పాటే పుట్టింది.

అంతటా ఉండేదేదో తెలిశాకే వాళ్లకు ఎక్కడా లేనిది కనిపించింది. అదే ఏడాది ఒక ఊట నీటిలో, తెలిసిన గీతలన్నీ పక్కన పెట్టాక, ఎవరివో తెలియని రెండు నీలి గీతలు మిగిలాయి. ఆకాశనీలం అనే అర్థం వచ్చేలా సీజియం అని పేరు పెట్టారు. దాని ఉప్పు కొన్ని గ్రాములు చేతికి రావడానికి బున్సెన్ దాదాపు 40 టన్నుల నీటిని ఇగిర్చాడు. మరుసటి ఏడాది ఎర్ర గీతలతో రుబీడియం దొరికింది.

తర్వాత నాకు అటామిక్ అబ్జార్ప్షన్ మీద పని చేసే అవకాశం వచ్చింది. ఇది ఆలన్ వాల్ష్ అనే శాస్త్రవేత్త ఆలోచన. 1952లో ఒక ఆదివారం ఆస్ట్రేలియాలో తన ఇంటి తోటలో పని చేసుకుంటుంటే తట్టిందట. అందరూ మంటలో వెలిగే పరమాణువుల కాంతిని కొలుస్తున్నారు. కానీ మంటలో వెలిగేవి ఎన్ని? 2500 కెల్విన్ దగ్గర సోడియం పరమాణువుల్లో దాదాపు పదివేలకు ఒకటి. జింక్ అయితే 3000 కెల్విన్ దగ్గర కూడా వంద కోట్లకు ఒకటి ఉండదు. మిగతావన్నీ కదలకుండా తక్కువ శక్తి ఉండే కింది మెట్టు మీదే ఉంటాయి. వెలిగే ఆ ఒక్కదాన్ని పట్టుకోవడం మానేసి, వెలగని వాటిని లెక్కపెడితే? వాటి మీదకు వాటి కాంతినే పంపి, ఎంత మింగుతున్నాయో చూస్తే? సూర్యుడి వర్ణపటంలో నల్ల గీతలు ఎందుకు వస్తాయో కిర్కాఫ్ ఏనాడో చెప్పింది ఇదే. అది ప్రయోగశాలలో కొలత పద్ధతిగా మారడానికి 90 ఏళ్ల పైన పట్టింది. 1955లో వాల్ష్ పేపర్ వచ్చింది. అదే ఏడాది ఆల్కెమేడ్, మిలాట్జ్ అనే ఇద్దరు డచ్ శాస్త్రవేత్తలు విడిగా ఇదే సంగతి ప్రచురించారు.

ఏ లోహం కొలవాలో ఆ లోహంతోనే చేసిన కాథోడ్ ఉన్న దీపం పెట్టాలి. రాగికి రాగి దీపం, సీసానికి సీసం దీపం. నా టేబుల్ సొరుగులో వరసగా పేర్చి ఉండే ఆ గాజు దీపాలు నీకు గుర్తుండే ఉంటాయి. వాటిని ముట్టుకోవద్దని నీ మీద కేకలేసింది కూడా గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు గ్లోవ్స్ సంగతి. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

నా రెండో ఏడాదిలో ఒక నది నీటిలో జింక్ కొలుస్తున్నాను. ఎగువ శాంపిళ్లు ముందు చేశాను, దిగువవి తర్వాత. ఎగువన చాలా తక్కువ, దిగువన నాలుగైదు రెట్లు. గ్రాఫ్ గీస్తే మెట్టులా లేచింది. మధ్యలో ఎవరో లోహం కలుపుతున్నారని నాకు నమ్మకం కుదిరిపోయింది. గైడ్ కూడా సంతోషపడ్డారు. ఒక సదస్సుకు సారాంశం పంపాము, వాళ్లు తీసుకున్నారు కూడా. ఇక ప్రయాణానికి నెల రోజులుంది.

ఒక రాత్రి ఒక్కదాన్నే ఉన్నాను. కాలిబ్రేషన్ చూసుకుందామని తాజాగా ఒక బ్లాంక్ చేసి పెట్టాను. జింక్ వచ్చింది. చాలా వచ్చింది. మళ్లీ చేశాను. మొదటిదానికీ దీనికీ పొంతన లేదు. నోట్‌బుక్ తిరగేస్తే, నేను బ్లాంకులు చేసింది మొదటి వారంలోనే. అప్పుడు శుభ్రంగా వచ్చాయి, ఇక ఎప్పటికీ అంతేనని వదిలేశాను. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందా అని బల్ల మీద ఒక్కొక్క వస్తువే చూస్తూ కూర్చున్నాను. చివరికి నా చేతులు కనిపించాయి. మధ్యలో ఎప్పుడో ల్యాబ్‌కు కొత్త గ్లోవ్స్ పెట్టె వచ్చింది. లోపల తెల్లపొడి చల్లిన రబ్బరు గ్లోవ్స్. ఎగువ శాంపిళ్లు చేసేటప్పుడు అవి లేవు. ఒక గ్లోవ్ వేలు కత్తిరించి సజల నైట్రిక్ యాసిడ్‌లో పది నిమిషాలు ఉంచి, ఆ యాసిడ్‌ను మంటలోకి పీల్పించాను. దీపం జింక్ గీత అయిన 213.9 నానోమీటర్ల మీదే ఉంది. అంకెలు ఆగకుండా పైకి పోయి స్కేలు దాటిపోయాయి. రబ్బరును గట్టిపరచడానికి జింక్ ఆక్సైడ్ వాడతారు. నదికి దిగువన ఎవరూ ఏమీ కలపలేదు. కలిపింది నేను.

తెల్లవారేదాకా అక్కడే కూర్చున్నాను. ఏడుపు వచ్చిన మాట నిజం. పొద్దున గైడ్ రాగానే నోట్‌బుక్ ఆయన ముందు పెట్టాను. ఆయన మొత్తం చదివి, ఆ రాత్రి పేజీ కింద తేదీ వేసి సంతకం పెట్టారు. "ఈ పేజీ చింపకు" అన్నారు, అంతే. ఆ మధ్యాహ్నమే సదస్సు వాళ్లకు సారాంశం వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం రాశాము. ఆరు నెలల శాంపిళ్లు మళ్లీ తెచ్చి మళ్లీ చేశాను. ఈసారి ప్రతి పది శాంపిళ్లకూ మధ్యలో ఒక బ్లాంక్ పెట్టాను. ఎగువకూ దిగువకూ తేడా పెద్దగా లేదు. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా అల్మరాలో ఉంది.

సీసం దగ్గరకొస్తే ఈ బాధ జింక్ కంటే నూరు రెట్లు. నువ్వు క్లెయిర్ ప్యాటర్సన్ గురించి చదువుకోవాలి. భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలని ఉల్కల్లోని సీసం ఐసోటోపులతో (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు) 1956లో తేల్చిన మనిషి. మొదట్లో ఆయన ఏది కొలిచినా సీసం లెక్కకు మించి వచ్చేది. ఏళ్ల తరబడి అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి, గాలి వడపోసి, పాత్రలు యాసిడ్లలో ఉడికించి, సీసం లేని గది ఒకటి తయారు చేసుకున్నాడు. తీరా బయటికి చూస్తే, మిగతా ల్యాబ్‌లు సముద్రపు నీటిలో ఉందని చెబుతున్న సీసంలో ఎక్కువ భాగం వాళ్ల సొంత సీసాల్లోంచి, చేతుల్లోంచి వచ్చిందే. ఆ శుభ్రమైన గదిలో కూర్చున్నాకే, పెట్రోలులో కలిపే సీసం ప్రపంచమంతా ఎలా పరుచుకుందో ఆయనకు కనిపించింది. కంపెనీలతో, కమిటీలతో చాలా ఏళ్లు పోరాడాడు. వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు అమ్మే ఆఖరి దేశం ఆపేసింది 2021లో. ఆయన పోరాటం మొత్తం మొదలైంది ఒక చెడ్డ బ్లాంక్‌ను తీసేసి ముందుకు పోకపోవడం వల్ల. నీ సీనియర్ మాట వినగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆయనే.

నీ గ్రాఫైట్ ఫర్నేస్ మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ ఉంది. మంటకు బదులు కరెంటుతో వేడెక్కే, చిటికెన వేలి కంటే చిన్న గొట్టం. పైన చిన్న రంధ్రం. అందులోంచి 20 మైక్రోలీటర్ల చుక్క జారుతుంది. అద్దంలో చూస్తుంటే ఆ చుక్క సూది చివర నుంచి విడిపోయి గొట్టం అడుగున ఒదిగి కూర్చోవడం కనిపిస్తుంది. ఆ క్షణం తప్పకుండా చూడు. చుక్కలు దానంతట అదే వేసే ఆటోసాంప్లర్ ఉంది కదా అని కుర్చీ వదిలి వెళ్లకు. చుక్క సూదికి అంటుకుని పైకి లేచిపోతే, ఆ రీడింగ్ ఎందుకు తక్కువొచ్చిందో కంప్యూటర్ నీకు చెప్పదు. ఆరబెట్టేటప్పుడు తొందరపడితే చిటపటలాడి చిందుతుంది. సీసం తొందరగా ఆవిరైపోయే లోహం. సీసాన్ని పోకుండా పట్టి ఉంచే పల్లాడియం లాంటి మాడిఫయర్ లేకపోతే, మిగతా చెత్త కాలేటప్పుడే అది కూడా కొంత పోతుంది. ఆ తర్వాత గొట్టం ఒక్కసారి తెల్లగా మండుతుంది. రెండు మూడు సెకన్లలో ఒక శిఖరం లేచి పడిపోతుంది. ఒక పీపీబీ ద్రావణమైతే ఆ చుక్కలో ఉన్న సీసం 20 పికోగ్రాములు. అంటే దాదాపు 5,800 కోట్ల పరమాణువులు. అంత పెద్ద గుంపు కూడా కంటికి ఏమీ కాదు. 1950ల చివర్లో లెనిన్‌గ్రాడ్‌లో బోరిస్ ల్వోవ్ ఈ ఫర్నేస్ ఆలోచన మొదలుపెట్టినప్పుడు మంటలు వాడేవాళ్లు దాన్ని అంతగా పట్టించుకోలేదు. నీ గొట్టం లోపల ఉన్న చిన్న పలక పేరు కూడా ఆయనదే, ల్వోవ్ ప్లాట్‌ఫామ్.

పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కపెట్టే ఐసీపీ మాస్ మెషీన్ వచ్చాక నా పని చాలా వేగం అయింది, కొత్త మోసాలు కూడా వచ్చాయి. ఒకసారి ఉప్పు నీటి శాంపిళ్లలో ఆర్సెనిక్ విపరీతంగా వచ్చింది. ఆర్సెనిక్ ద్రవ్యరాశి 75. ఆ మెషీన్‌లో మంట స్థానంలో ఉండే ప్లాస్మా నడిచేది ఆర్గాన్ వాయువుతో, దాని ద్రవ్యరాశి 40. ఉప్పులో క్లోరిన్ ఉంది, 35. రెండూ జత కడితే 75. మెషీన్ బరువు చూస్తుంది గానీ మొహం చూడదు. మెషీన్ లోపలి కొలిజన్ సెల్ అనే చిన్న గదిలో హీలియం పెట్టి ఆ జంటలను నెమ్మదింపజేస్తే ఆర్సెనిక్ మామూలు స్థాయికి దిగింది. తాగే నీటిలో ఆర్సెనిక్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 10 పీపీబీ. ఆ తప్పుడు సంఖ్య అలాగే బయటికి వెళ్లి ఉంటే, మంచి బావి ఒకటి మూతపడేది. ఇంకోసారి తప్పు అటువైపు జరిగితే, మూతపడాల్సింది తెరిచి ఉండేది.

నిన్న నువ్వు ఇంకో మాట కూడా అన్నావు. "మాది సర్వీస్ పని అంటారమ్మా, నంబర్లు ఇచ్చేవాళ్లు అంటారు" అని. నేనూ విన్నాను, చాలా ఏళ్లు విన్నాను. శాంపిల్ తెచ్చిన వాళ్ల పేరు పేపర్ మీద ముందుంటుంది, కొలిచిన వాళ్ల పేరు కృతజ్ఞతల్లో ఉంటుంది, ఒక్కోసారి అక్కడా ఉండదు. నాకు బాధ కలిగేది, ఇప్పటికీ కలుగుతుంది. కానీ ఆ నంబరు తీసుకెళ్లి డాక్టర్ బిడ్డకు మందు మొదలుపెడతాడు, ఇంజినీరు బావి మూయిస్తాడు. వాళ్లు ఇక దాన్ని సరిచూసుకోరు. నీ దగ్గరే అది ఆఖరిసారి సరిచూడబడేది. దీన్ని చిన్న పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, నువ్వూ ఒప్పుకోకు.

ఇక సోమవారం ఏం చెయ్యాలో చెప్తాను. శాంపిళ్లు ముట్టుకోకు. పది బ్లాంకులు చెయ్యి. ఇప్పుడు చేస్తున్నట్టే, ఏమీ మార్చకుండా, అదే సీసా, అదే పిపెట్, అదే బల్ల. ట్యూబులో 50 మిల్లీలీటర్లు ఉంటే, అర్ధ పీపీబీ రావడానికి 25 నానోగ్రాముల సీసం చాలు. గ్రాములో నాలుగు కోట్ల వంతు. కాబట్టి ఏదీ చిన్నదని వదలకు. పది రీడింగులూ దగ్గరదగ్గరగా వస్తే ముందు యాసిడ్‌ను అనుమానించు. వేరే సీసాలోది, వీలైతే సబ్‌బాయిలింగ్ డిస్టిలేషన్ (మరగనివ్వకుండా నెమ్మదిగా ఆవిరి చేసి శుద్ధి చెయ్యడం) చేసింది అడిగి తెచ్చుకుని మళ్లీ చెయ్యి. చెల్లాచెదురుగా వస్తే యాసిడ్ కాదు, ట్యూబులో గానీ గాలిలో గానీ ఉంది. కొన్ని ట్యూబులను 10 శాతం నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టి, కడిగి, మూత పెట్టి ఉంచు. కొన్నిటిని నానబెట్టకుండా ఉంచు. ఒక ట్యూబును మూత తీసి గంటసేపు బల్ల మీద వదిలెయ్యి. ఒక్కోసారి ఒక్కటే మార్చు. రెండు కలిపి మార్చావంటే సమస్య పోయినా ఎందుకు పోయిందో తెలియదు. తలుపు దగ్గర ఏసీ గాలి ఎటు కొడుతోందో కూడా చూడు. అంతా కుదిరాక సర్టిఫైడ్ రిఫరెన్స్ నీరు ఒకటి పెట్టి, దాని మీద రాసి ఉన్న విలువ నీకు వస్తోందో లేదో చూసుకో. అప్పుడు గానీ నీ శాంపిళ్ల జోలికి వెళ్లకు.

ఈ వారం రిజల్ట్ ఏమీ రాదు. గైడ్ అడిగితే బ్లాంక్ వెతుకుతున్నానని చెప్పు. ఆయనకు అర్థమవుతుంది. అర్థం కాకపోతే నేను రాసిన ఆ నాలుగు నాలుగు రీడింగుల లెక్క చూపించు. సీనియర్‌తో వాదన పెట్టుకోకు, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని అతని చేత కూడా రెండు బ్లాంకులు చేయించు. చేతులు మారితే రీడింగ్ మారుతుందేమో కూడా తెలిసిపోతుంది.

పది రీడింగులూ రాగానే నాకు పంపు. సగటు వద్దు, పదీ విడివిడిగా పంపు. ఏ వరసలో చేశావో ఆ వరసలోనే.

అమ్మ